చప్పిడి జాబితా

మధ్యాహ్నం భోజనాల చీటీలు అచ్చుకిచ్చే ముందు జల్లెడ ఎప్పటిలాగే కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆసుపత్రి వంటగది వెనక, ఆవిరికి గోడలు ఉబ్బిన చిన్న గదిలో అతని కుర్చీ. ఎవరికి ఏ తిండి పడదో కంప్యూటర్‌లోంచి ఏరి ఇస్తాడు కనుక జల్లెడ అని వంటావిడ పెట్టిన పేరది. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

పని చిన్నదే. డేటాబేస్‌లో రోగికో వరుస, వరుస చివర ఎక్స్ఎంఎల్ గడి, అందులో పూటకో భోజనం ట్యాగు. ట్యాగులో ఉప్పు అనే అట్రిబ్యూటు, అంటే లక్షణం, "వద్దు" అని ఉన్నవాటినే అతను కంప్యూటర్‌ని అడిగే క్వెరీ పట్టుకోవాలి. ఆ షరతు ట్యాగు పక్కనే బ్రాకెట్లలో పెట్టకపోతే ఉప్పు తినొచ్చన్నవాళ్ళ భోజనాలు కూడా లాక్కొస్తుంది. కొత్తలో అలాగే వార్డంతటికీ చప్పిడి సూపు పంపి నానా తిట్లూ తిన్నాడు.

జబ్బుపడి వార్డులో చేరిన అక్క కూడా కొన్ని వారాలుగా ఆ జాబితాలో ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోమని పోరి పోరి విసిగిపోయి, చివరికి తనే వచ్చి వండిపెట్టింది.

"తమ్ముడి చేతిలో పెత్తనం ఉండి కూడా నాకు చప్పిడి కూడేనట్రా?" అని రోజూ దెప్పేది.

"రాసేది డాక్టరమ్మే అక్కా. నేను ఏరతానంతే."

ఇవాళ జాబితాలో అక్క లేదు. బ్రాకెట్లు చూసుకున్నాడు, సరిగ్గానే ఉన్నాయి. షరతు తీసేసి ఆవిడ వరుస తెరిచాడు. ఉప్పు: "ఇష్టం". పొద్దున డాక్టరమ్మ మార్చారు.

పథ్యం ఎత్తేసి అలా మార్చినవాళ్ళు ఎంతో కాలం ఉండరని అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ అలాంటివి చూసి, పక్క చీటీకి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఆ వరుస మూయలేదు. మళ్ళీ "వద్దు" అని కొట్టేస్తే అక్క జాబితాలోకి వచ్చేస్తుంది, ఇక ఎక్కడికీ పోదు అన్నట్టు చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళింది. నోటికి రుచి లేదని ఆవిడ ఎంత మొత్తుకుందో గుర్తొచ్చి ఆగాడు. చీటీలు అచ్చుకిచ్చేసి, సూపు గిన్నె, వంటావిడ ఉప్పు డబ్బా పట్టుకుని తనే వార్డుకి వెళ్ళాడు.

అతను ఉప్పు కలిపిచ్చిన సూపు అక్క రెండు చెంచాలు తాగి కళ్ళు మూసుకుంది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది. నీ జల్లెడలోంచి ఎలా జారానురా?"

"చిల్లు పడిందక్కా."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అర్థమైంది.

"పోనీలే. ఇంకాస్త వెయ్యి."

రాత్రి భోజనాల చీటీలకి కూర్చుంటుండగా వార్డు నుంచి ఫోనొచ్చింది. అక్క నిద్రలోనే పోయింది. అతను వెళ్ళేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు. పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాడు.

మంచం పక్క బల్ల మీద ఉప్పు డబ్బా, ఇంకాస్త వేశాక మూత బిగించకుండానే, అలాగే ఉంది.