పచ్చ కప్ప రిమోటు

నేను ఒక వీడియో గేమ్ రిమోటును. అందులోనూ రెండో రిమోటును. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఇంకెవరి నోటో వింటే మీకు చులకనైపోతానని భయం. పాతకాలం టీవీ గేములు ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెట్టెకు రెండు రిమోట్లు వేలాడుతుండేవి. మొదటిదానికి స్టార్ట్ బటను ఉండేది, రెండోదానికి ఉండేది కాదు. ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా ఆ మొదటి రిమోటు, అంటే మా అన్నగారి దయ. చైనాలో మమ్మల్ని చేసిన ఫ్యాక్టరీవాళ్లు ఒక బటను మిగిలిందని సంతోషించి ఉంటారు. నా నుదుట మాత్రం ఎదురుచూపులు రాసిపెట్టారు.

ఓడెక్కి మద్రాసు, అక్కణ్ణుంచి ఒక అట్టపెట్టెలో విజయనగరం చేరాం. రైల్వే క్వార్టర్స్ ఎదురుగా సింహాచలం అనే ఆయన ఒక రేకుల గదిలో నాలుగు టీవీలు పెట్టి, పిల్లల చేత గంటల లెక్కన ఆడించేవాడు. అక్కడ నాకోసం ఎవరూ కొట్టుకునేవారు కాదు. అందరికీ అన్నే కావాలి. తమ్ముళ్లకూ, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకూ, ఎదురు చెప్పలేనివాళ్లకూ నన్ను అంటగట్టేవారు. మనుషులకు గెలవడం కన్నా మొదటివాళ్లం అనిపించుకోవడం మీదే మోజెక్కువ. ఇది నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను.

ఒక్క పిల్ల మాత్రం వస్తూనే సూటిగా నా దగ్గరికి వచ్చేది. పేరు పైడమ్మ, అందరికీ పైడి. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్ కూతురు. ఆమె పక్కన అన్నను పట్టుకుని కూర్చునే అమ్మాయి సునంద, బుకింగ్ క్లర్కుగారి కూతురు. ఇద్దరూ నాలుగో తరగతి. ఆ గదికి వచ్చే ఆడపిల్లలు వాళ్లిద్దరే. మగపిల్లలు నవ్వితే సునంద తల దించుకునేది. పైడి తలెత్తి చూసేది, వాళ్లే నోరు మూసుకునేవారు.

వాళ్లు ఎప్పుడూ కప్పల ఆటే ఆడేవారు. ఎర్ర కప్ప సునందది, పచ్చ కప్ప పైడిది. తామరాకుల మీంచి గెంతుకుంటూ ఏరు దాటాలి. చివర ఒక తలుపు, దాని ముందు రెండు రాళ్లు. రెండు కప్పలూ ఒకేసారి చెరో రాయి మీద నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కరు ఆడితే ఆ ఆట పూర్తికాదు. నన్ను గౌరవించిన ఆట అదొక్కటే అనుకుంటాను.

సునందకు చెయ్యి తొందర. ఊరికే నీళ్లలో పడిపోయేది. ఆమె కప్ప మునగగానే పైడి తన కప్పను కూడా కావాలని నీళ్లలోకి దూకించేసేది. బతికున్న కప్పను అలా చంపుకోవడం చూసి సింహాచలం కూడా ముక్కున వేలేసుకునేవాడు. ఎందుకలా చేస్తావని సునంద ఒకసారి అడిగింది.

“నువ్వు నీట్లో పడిపోతే నానొక్కదాన్నీ ఒడ్డున ఏటి చేస్తానే?” అంది పైడి.

పచ్చి మామిడికాయ ముక్క ఉప్పూకారంలో అద్దుకుని తిని, అదే చేత్తో నన్ను పట్టుకునేది. నా బటన్ల సందుల్లో కారం ఇరుక్కుపోయేది. సింహాచలం తిడుతూ తుడిచేవాడు. నాకు మాత్రం ఆ వేళ్లు తగలని రోజు రోజులా ఉండేది కాదు. ఎవరి చేతిలో ఉన్నా ఆ చిన్న బొటనవేలి కోసమే కాచుకుని ఉండేదాన్ని.

ఇద్దరూ ఆ రెండు రాళ్ల దాకా ఎప్పుడూ వెళ్లలేదు. ఒకసారి దగ్గర దగ్గరగా వెళ్లారు, కరెంటు పోయింది. రేపు దాటేద్దామనుకున్నారు. ఆ వారంలోనే పైడి వాళ్ల నాన్నకు బదిలీ అయింది. కలకత్తా వైపు అన్నారు. ఏ ఊరో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. సామాను రైలెక్కింది, పైడి రైలెక్కింది. మర్నాడు సునంద ఒక్కతే వచ్చి, ఆట పెట్టమని అడగకుండా, నా ముందు కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

తరవాత ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి, సింహాచలం గదికి పిల్లలు రావడం మానేశారు. పెట్టెలు పాత ఇనుముకు పోతున్న రోజున కాలేజీ పిల్లగా ఉన్న సునంద వచ్చి, ఒక రిమోటు తీసుకోవచ్చా అని అడిగింది. ఏది కావాలంటే అది తీసుకోమన్నాడు. ఆమె అన్నను దాటి నన్ను తీసుకుంది. నా జీవితంలో అన్నకు బదులు నన్ను కోరుకున్న రెండో మనిషి ఆమే.

అప్పటినుంచి నేను ఆడింది లేదు. సునంద ఎక్కడ అద్దెకుంటే అక్కడ బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉన్నాను. ఆమె ఇంగ్లీషు నేర్చుకుంది, వీడియో గేముల వార్తలు రాసే ఒక వెబ్‌సైట్లో చేరింది. సైటు హెడ్డాఫీసు బెంగళూరు. ఆమె రాసింది దేశమంతా చదివేవారట. అయినా రాసిన ప్రతిసారీ ఆమె మొహంలో ఏదో వెలితి కనబడేది. తన స్నేహితురాలు ఇంగ్లీషు చదువుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఫేస్‌బుక్‌లో వెతికింది. పైడమ్మలు కొల్లలుగా ఉన్నారు. నాలుగో తరగతిలో స్నేహితురాలి ఇంటిపేరు ఎవరు అడుగుతారు?

అలాంటి రోజుల్లో ఆ సైటు ప్రాంతీయ ఎడిషన్లు పెట్టాలనుకుంది. తెలుగు, తమిళం, మరాఠీ, బెంగాలీ. యజమాని వరదన్ గారు తెలుగు ఎవరు చూస్తారని అడగడమేమిటి, సునంద చెయ్యెత్తడమేమిటి! ఇంగ్లీషు డెస్కులో ఆమెకు మంచి స్థానం ఉంది. అది వదులుకుని విశాఖపట్నం ద్వారకానగర్లో రెండు గదుల ఆఫీసుకు ఎందుకు పోతున్నావని అందరూ అడిగారు. మన భాషలో రాయాలని ఉందని చెప్పింది. అది నిజమే, కానీ సగం నిజం. పైడి ఎక్కడున్నా తెలుగక్షరం కనబడితే ఆగుతుందనీ, ఆగితే ఏదో ఒక రోజు తన పేరు చూస్తుందనీ ఆమె ఆశ. ఆ ఆశ నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు మాత్రం ఎలా తెలుసంటారా? ఒంటరిగా ఉన్నప్పుడు మనుషులు వస్తువులతో మాట్లాడతారు. మేము విననట్టు ఉంటాం.

ఎడిషన్ పేరు ‘ఆటకబురు’. సునందకు తోడుగా కంప్యూటరు పనులు చూడటానికి బోసుబాబు చేరాడు. మంచివాడు, పనిమంతుడు. ముహూర్తం లేకుండా కొత్త చెప్పులు కూడా తొడుక్కోడు. నాలుగు ఎడిషన్లూ ఒకే బుధవారం సాయంత్రం తెరవాలని బెంగళూరు నుంచి ఆదేశం వచ్చింది. ఆ సాయంత్రం వర్జ్యం ఉందని బోసుబాబు మామగారు తేల్చారు. ఉదయం తొమ్మిది దాటాక దివ్యంగా ఉందన్నారు. సాయంత్రం బదులు పొద్దున్నే తెరిస్తే ఎవరికి నష్టమనుకుని బోసుబాబు తెలుగు సైటు తెరుచుకునే వేళను పొద్దుటికి జరిపేశాడు. సునందకు చెబితే ఆమె కూడా నవ్వి ఊరుకుంది.

కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్లకు పసుపు కుంకుమ పెట్టారు. వయసులో పెద్దదాన్నని నాకు ముందు పెట్టారు. ఇన్నేళ్లకు మొదటి స్థానం దక్కిందని నేను మురిసిపోతుండగా కొంప మునిగింది.

ఆ రోజు మొదటి పేజీలో ఒక పెద్ద కంపెనీ కొత్త ఆట మీద సునంద రాసిన సమీక్ష ఉంది. ఇలాంటి ఆటల్ని కంపెనీలు విలేకరులకు ముందుగానే ఇస్తాయి, ఫలానా వేళ దాకా ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదని ఒట్టు వేయించుకుని. ఆ వేళ సాయంత్రం. సైటు ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడు సమీక్ష కూడా తెరుచుకునేలా బోసుబాబే అంతకు వారం ముందు అమర్చి పెట్టాడు, పెట్టి మరిచిపోయాడు. ప్రపంచంలో అందరికన్నా ముందు ఆ ఆట గుట్టు తెలుగులో బయటపడింది. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి కబురు వచ్చింది, తెలుగు ఎడిషన్‌కు ఇక తమ ఆటలు ముందుగా ఇవ్వబోమని. దాన్ని చూసి మిగతా కంపెనీలూ అదే మాట అన్నాయి.

వరదన్ గారు ఫోన్లో అరిచిన అరుపులకు నా మీది కుంకుమ రాలిందంటే మీరు నమ్మరు. ఆరు నెలలు చూస్తాననీ, చదివేవాళ్లు పెరగకపోతే తెలుగు ఎత్తేస్తాననీ చెప్పారు. బోసుబాబు ఉద్యోగం మానేస్తానని మూల కూర్చుంటే సునందే ఊరడించింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఉద్యోగం పోతుందని ఆమెకు అంత దిగులు లేదు. ఆ ఎడిషన్ పోతే పైడిని పిలవడానికి ఆమె దగ్గర ఇంకో గొంతు లేదు.

కొత్త ఆటలు చేతికి రావు. ఇంగ్లీషులో వచ్చేసిన వార్తను మర్నాడు తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు? ఏం రాయాలో తోచక, ఒక మధ్యాహ్నం సునంద నన్ను కాగితాల మీంచి తీసి చేతిలో పెట్టుకుని కూర్చుంది. తరవాత నన్ను పక్కన పెట్టి కప్పల ఆట గురించి రాయడం మొదలుపెట్టింది. రేకుల గది, ఏరు, తామరాకులు, మునిగిన స్నేహితురాలి కోసం తన కప్పను చంపుకునే పిల్ల. పేరు రాయలేదు. పచ్చ కప్ప అనే రాసింది. చివర, ఆ తలుపు అవతల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు అని ముగించింది.

జనం విరగబడి చదివారు. పాత వీడియో గేమ్ షాపుల గురించి ఎవరి జ్ఞాపకాలు వాళ్లు కింద రాశారు. సునంద ప్రతి పేరూ చూసింది. ప్రొద్దుటూరు, పాల్వంచ, దుబాయి, అన్ని ఊళ్లవాళ్లూ ఉన్నారు. పైడి మాత్రం లేదు. అన్ని వేలమంది మెచ్చుకుంటుంటే ఆమె మొహం అలా వాడిపోవడమేమిటో బోసుబాబుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నా ఒళ్లంతా బరువెక్కింది.

వరదన్ గారికి మాత్రం కోపం చల్లారింది. తెలుగులో అంత ఆడింది కదా, మిగతా మూడు ఎడిషన్లూ దాన్ని వాళ్ల భాషల్లో వేసుకోమన్నారు.

కలకత్తాలో బెంగాలీ ఎడిషన్ చూసే మౌసుమి ఒకరోజు సునందకు ఫోన్ చేసింది. కప్పల కథ కింద ఒకామె బెంగాలీలో ఏదో రాసింది, నాకు వింతగా ఉంది, వింటావా అని అడిగి చదివి చెప్పింది. ‘ఆ పచ్చ కప్పను నేనే. ఉప్పూకారం చేతులతో ఆడుతున్నానని సింహాచలం మావయ్య నన్ను రోజూ తిట్టేవాడు’ అని ఉంది అందులో.

ఉప్పూకారం సంగతి సునంద రాయలేదు. సింహాచలం పేరు కూడా రాయలేదు. ఆమె కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, నన్ను రెండు చేతులతో పట్టుకుంది.

పైడి బెంగాల్లో ఆద్రా అనే రైల్వే ఊళ్లో ఉంది. అక్కడి ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తోంది. ఎవరో ఫోన్లో పంపితే కప్పల కథ చదివిందట. వెళ్లిన ఏడాదే తల్లి పోయిందట. తండ్రి పనిమీద తిరిగేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే లేకపోయారు. బడి బెంగాలీ, తరవాత కట్టుకున్నవాడు బెంగాలీ. తెలుగక్షరాలు ఒక్కొక్కటే మరిచిపోయి, ఇప్పుడు తెలుగులో ఉన్న రైలు స్టేషన్ బోర్డు కూడా చదవలేదు. సునంద ఎవరి కోసం తెలుగులో రాయడానికి అన్నీ వదులుకుని వచ్చిందో ఆమెకు తెలుగు చదవడమే రాదు. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి.

మౌసుమి నంబరు ఇప్పించింది. సునంద ఫోను స్పీకర్లో పెట్టి నా పక్కన ఉంచింది.

“ఓలే సునందా, నానే, పైడిని,” అంది అవతలి గొంతు. అది నడివయసు మనిషి గొంతే. మాట మాత్రం నాలుగో తరగతి పిల్లది. ఆమె తెలుగు రైలెక్కిన రోజున ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. పెద్దవాళ్ల మాటలు అందులో లేవు. కాసేపు ఇద్దరూ ఏడ్చి, కాసేపు నవ్వాక పైడి గొంతు తగ్గించి అడిగింది.

“ఇంతసేపు మాటాడితే మీ అమ్మ తిట్టదేటే?”

సునంద తల్లి పోయి చాలా ఏళ్లయింది. తిట్టదులే అంది సునంద.

ఏడాది తిరక్కుండానే బెంగళూరులో ఆలోచన మారింది. అన్ని భాషలకూ ఇంగ్లీషు వార్తల్ని కంప్యూటరే మార్చి పెడుతుందట, ఇక మనుషులక్కర్లేదట. ద్వారకానగర్ గదులు ఖాళీ అయ్యాయి. బోసుబాబు మంచిరోజు చూసుకుని ఇంకో ఉద్యోగంలో చేరాడు. సునంద మళ్లీ ఇంగ్లీషు రాస్తోంది. నేను ఆమె ఇంట్లో కిటికీ దగ్గరి బల్ల మీద ఉన్నాను. వైరు చీలిపోయింది. రెండు బటన్లు లోపలికి దిగబడిపోయాయి.

ప్రతి ఆదివారం సునంద తను ‘ఆటకబురు’లో రాసినవి ఒక్కొక్కటీ ఫోన్లో పైడికి చదివి వినిపిస్తుంది. తెలియని మాట వచ్చినప్పుడు పైడి ఆపి అడుగుతుంది, సునంద చిన్న మాటల్లో చెబుతుంది. సైటుకు వచ్చిన వేలమందిలో ఎవరూ అంత శ్రద్ధగా విని ఉండరు.

మొన్న ఒకసారి చదవడం మధ్యలో సునంద ఉండబట్టలేకపోయింది. వీడియో కాల్ చెయ్యవే, ఒక్కసారి నీ మొహం చూడాలని ఉంది అంది. అవతల ఏదో గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

“వద్దే సునందా,” అంది పైడి. “చూసీసుకున్నామంటే పెద్దోళ్లమైపోతాం.”

సునంద కళ్లు తుడుచుకుని, సరేనని, ఆపిన చోటు వెతుక్కుని మళ్లీ చదవసాగింది. నన్నడిగితే మాత్రం, పైడి చేతులు ఎంత పెద్దవైపోయినా ఫర్వాలేదు, ఒక్కసారి రమ్మనే చెబుతాను. కానీ నన్ను అడిగేదెవరు?