సన్యాసమ్మ పేరున రాసిన బిల్లు

నేను ఒక సైకిలు ఫ్రేమును. చక్రాలు ఎప్పుడో ఊడదీశారు, హ్యాండిలు లేదు, సీటు లేదు. మిగిలినదల్లా నాలుగు గొట్టాలూ, నడుము దగ్గర రెండు పగుళ్ళూ. ప్రస్తుతం నా మకాం శృంగవరపుకోటలో సన్నిబాబు పాత సామాన్ల కొట్టు. కుడి పక్కన చిల్లుపడ్డ డేగిసా, ఎడమ పక్కన రెక్కలు వంగిన టేబుల్ ఫ్యాను. డేగిసా పొద్దస్తమానం తను వండిన పెళ్ళిళ్ళ గురించే చెబుతుంది. సరే, ఎవరి గొప్ప వాళ్ళది. నాకు చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు. ఒక పిల్ల నన్ను నమ్ముకుంది, నేను ఆ నమ్మకం నిలబెట్టలేకపోయాను. ఉన్న కథ అంతే.

నేను పుట్టింది చాలా దూరంలో, ఒక పెద్ద కర్మాగారంలో. అల్యూమినియం గొట్టాలను వంచి, ఒకదానికొకటి అతికి, పెద్ద పొయ్యిలో పెట్టి గట్టిపరిచారు. అదే రోజు నాతోపాటు పుట్టిన ఒకదాన్ని మాత్రం యంత్రానికి బిగించి లక్షసార్లు కుదిపారు. పాపం, అది తట్టుకుంది. దాని పుణ్యాన మా అందరికీ 'జీవితకాలం వారంటీ' అని ఒక బుల్లి పుస్తకం తగిలించారు. ఎవరి జీవితకాలం అనే సంగతి పదకొండో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మనుషులు పెళ్ళి శుభలేఖ కూడా చివరిదాకా చదవరు, ఇక పదకొండో పేజీ ఎవరు చదువుతారు?

మా లోహం గురించి ఒక మాట చెప్పాలి. ఇనుము చిన్నాచితకా దెబ్బలను లెక్కచెయ్యదు. మేం అలా కాదు. ప్రతి కుదుపునూ లోపల ఎక్కడో దాచుకుంటాం. ఒకరోజు ఇక దాచుకోలేక పగులుతాం. నేను ఇనుమును కాను అన్న ఈ ఒక్క ముక్కా దయచేసి గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని మీదే నడిచింది.

విశాఖపట్నంలో మర్రిపాలెం దగ్గర వరప్రసాదు సైకిళ్ళ షాపులో మూడు నెలలు వేలాడాను. వచ్చినవాళ్ళందరూ నా గొట్టాన్ని వేలితో టకటకా కొట్టి, "అబ్బో" అని వెళ్ళిపోయేవారు. ఒక శ్రావణ శుక్రవారం నాడు దమయంతి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, సన్నగా, ఎండకు నల్లబడి, మోకాళ్ళ మీద పాత గాయాల మచ్చలతో ఉంది. వెంట వాళ్ళ మామ్మ సన్యాసమ్మ. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది ఈవిడే. శృంగవరపుకోట దగ్గర వాళ్ళకు కొంచెం జీడితోట ఉంది. ఆ ఏటి పంట డబ్బు మొత్తం నా కోసమే పెట్టారని తరవాత తెలిసింది.

దమయంతి నన్ను కొట్టి చూడలేదు. వంగి, నా కింది గొట్టం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది, అంతే. నేను ఆ పిల్ల సొత్తునని అప్పుడే అనుకున్నాను. కానీ వరప్రసాదు బిల్లు పుస్తకం తెరిచి, "ఎవరి పేరున రాయమంటారు?" అని అడిగేసరికి సన్యాసమ్మ ముందుకొచ్చింది.

"నా పేరున రాయి బాబూ. రొంగలి సన్యాసమ్మ. దీనికి అష్టమశని నడస్తంది. ఇనుం పడదని సిద్ధాంతిగారు సెప్పినారు. ఇనప వస్తువ దీని పేరున కొనకూడదట."

వరప్రసాదుకు అది వింతేమీ కాదు. వాళ్ళ నాన్న స్కూటరు వాళ్ళ అత్త పేరున ఉంది, తమ్ముడి ట్రాక్టరు తమ్ముడి భార్య పేరున ఉంది. ఈ ప్రాంతంలో బండి నడిపేది ఒకరు, బండి పేరు మోసేది ఒకరు. రోజుకు పదిసార్లు కొనేవాళ్ళకు "ఇది అల్లాయ్ ఫ్రేమండీ" అని చెప్పే మనిషే, మారుమాట లేకుండా రాసేశాడు. కంపెనీ కంప్యూటరులో కూడా అదే పేరు ఎక్కించాడు. అల్లాయ్ అంటే ఇనుములోనే కొంచెం ఖరీదైన రకమని అందరి ఊహ. నేను గోడకు ఆనుకుని వింటూనే ఉన్నాను. అమ్మా, నేను ఇనుమును కానే అని చెప్పడానికి నాకు నోరెక్కడిది?

చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. ముందు గొట్టానికి పసుపు రాసి, బొట్టు పెట్టారు. అలా నేను సన్యాసమ్మ సొత్తునై దమయంతి కాళ్ళ కిందికి వచ్చాను.

ఆ మూడేళ్ళూ నాకు మంచి రోజులు. పొద్దున్నే అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కేవాళ్ళం. కాఫీ తోటల్లో మట్టిబాటలు, గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, గుండ్రాళ్ళు, వానాకాలమైతే మోకాలి లోతు బురద. ఆ పిల్ల ఎక్కేటప్పుడు నోరు మెదపదు. దిగేటప్పుడు మాత్రం తనలో తను ఏదో కూనిరాగం తీస్తుంది. నాలో కుదుపులు పేరుకుంటున్నాయని నాకు తెలుసు. కానీ ఆ కూనిరాగం వింటూ ఉంటే వాటి సంగతి పట్టేది కాదు.

ఆమె ఆశ ఒకటే. ఏటా కొండసైకిలు రాష్ట్రజట్టుకు ఎంపిక పోటీ పెడతారు. ఇరవై మూడేళ్ళలోపు ఆడపిల్లల్లో నలుగురిని తీసుకుంటారు. కిందటేడు దమయంతి అయిదోది. ఈ ఏడు పోటీ అనంతగిరిలోనే, తను రోజూ తొక్కే దారిలోనే. పై ఏటికి వయసు దాటిపోతుంది. కాబట్టి అయితే ఈసారి, లేకపోతే ఇక లేదు.

పోటీ ఇరవై ఏడు రోజులుందనగా, నన్ను కడుగుతూ కడుగుతూ ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. సీటు గొట్టం, పై గొట్టం కలిసేచోట వెంట్రుకంత గీత. బురద అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. గోటితో గీరింది. గోరు దిగింది. అలాగే బావి గట్టు మీద కూలబడిపోయింది. నాకు సిగ్గేసింది. ఎంత దాచుకున్నా నెల రోజులు ఆగలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వరప్రసాదు మంచివాడు. పగులు చూసి, "భయపడకమ్మా, జీవితకాలం వారంటీ ఉంది. కొత్త ఫ్రేము ఇస్తారు, పది రోజులు పట్టుద్దేమో" అన్నాడు. పగులుకు అయిదు ఫోటోలు, నా నంబరుకు ఒకటి, బిల్లుకు ఒకటి తీసి పంపాడు. కంపెనీ ఒప్పుకుంటే పాత ఫ్రేమును రంపంతో రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల ఫోటో కూడా పంపాలట. నేను మళ్ళీ ఎవరి చేతుల్లోనూ పడకుండా అదొక ఏర్పాటు. షాపు మూలలో ఆ రంపం వేలాడుతూ ఉండేది. దాని వంక చూస్తూ, తొందరగా కొయ్యండయ్యా అనుకునేవాణ్ణి కాదు, అనుకునేదాన్ని. చూశారా, కంగారులో నేనేమిటో నాకే గుర్తులేదు. నన్ను కోస్తేనే ఆ పిల్లకు కొత్తది వస్తుంది.

పది రోజులకు జవాబు వచ్చింది. కొన్నవారి ఫోటో సైకిలుతో కలిపి కావాలట. సన్యాసమ్మ పెట్టెలోంచి జరీ చీర తీసి కట్టుకుంది. నన్ను ఒక చేత్తో పట్టుకుని, పెళ్ళిలో వియ్యపురాలి పక్కన నిలబడినంత బిగుసుకుపోయి ఫోటో దిగింది. మరో అయిదు రోజులకు ఇంకో జవాబు. కొన్నవారితో వీడియోలో మాట్లాడాలట.

వరప్రసాదు ఆవిడను షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మామ్మగారూ, ఏం అడిగినా 'నాదే బాబూ' అనండి. అంతకన్నా ఒక్క మాట వద్దు" అని మూడుసార్లు చెప్పాడు. దమయంతి ఫోను పట్టుకుని నిలబడింది. అవతల కుర్రాడు తెలుగువాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"సైకిలు మీదేనా అమ్మా?"

"నాదే బాబూ."

"బిల్లు మీ పేరునే ఉందా?"

"నా పేరునే బాబూ."

"ఎలాంటి దారుల్లో తొక్కుతారమ్మా మీరు? రాళ్ళ దారా, తారు రోడ్డా?"

సన్యాసమ్మ తలెత్తి చూసింది. వరప్రసాదు గాలిలో చేతులు ఊపుతున్నాడు. ఆవిడ జీవితంలో ఎవరైనా కష్టసుఖాలు అడిగితే దాచి చెప్పడం అనేది ఎరుగదు. పైగా మనవరాలి మాట వచ్చేసరికి ఆవిడ ముఖం విప్పారింది.

"నాను తొక్కడమేటి బాబూ, ఈ వయసులో. మా దమయంతి తొక్కుద్ది. కొండంతా ఎక్కుద్ది. దాన్ని సూస్తే నువ్వే మెచ్చుకుంటావు. దానికి ఇనుం పడదని నా పేరు రాయించినాను గానీ, సైకిలు దానిదే."

కుర్రాడు ఏదో టైపు చేసుకున్నాడు. తరవాత, "సరే అమ్మా, థాంక్స్" అని పెట్టేశాడు. మర్నాటికి ఉత్తరం వచ్చింది. పదకొండో పేజీ ప్రకారం వారంటీ కొన్నవారికి, కొన్నవారు స్వయంగా వాడినప్పుడే వర్తిస్తుంది. చింతిస్తున్నాం. వరప్రసాదు బిల్లు మారుస్తానన్నాడు, బతిమాలాడు, అరిచాడు. ఒకసారి ఎక్కిన పేరు మారదన్నారు. జీవితకాలం అంటే సన్యాసమ్మ జీవితకాలమట. అదీ ఆవిడ నా మీద ఎక్కి కొండలు దిగుతూ ఉంటేనట. వినేవాడుంటే నవ్వి చచ్చేవాడు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

దమయంతి మామ్మను ఒక్క మాట అనలేదు. "నీదేం తప్పు మామ్మా" అని, బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ ముసలావిడ కోట వచ్చేదాకా చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఇక మిగిలింది తొమ్మిది రోజులు. చుట్టుపక్కల అరువివ్వడానికి ఇలాంటి సైకిలు ఇంకోటి లేదు. వరప్రసాదే నన్నూ దమయంతినీ గాజువాకలో ఒక వెల్డింగు షాపుకు తీసుకెళ్ళాడు. అక్కడి మేస్త్రీ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇనుం కాదు గురూ, అల్యూమినియం. మామూలు వెల్డింగు పనికిరాదు, ఆర్గాన్ గ్యాసు పెట్టాలి. అతుకుతాను గానీ, దీని పక్కనే మళ్ళీ పగులుద్ది. గ్యారంటీ అడక్కండి."

ఇనుము కాదు అన్న మాట వినగానే వరప్రసాదు నాలుక కరుచుకుని దమయంతి వైపు చూశాడు. "అమ్మా, ఆ రోజు నాకు తట్టనే లేదమ్మా. ఇనుమే కాదన్నప్పుడు నీ పేరునే రాసేవాణ్ణి కదా."

ఆ పిల్ల నా పగులును చేత్తో కప్పింది. తరవాత మెల్లగా అంది. "అన్నయ్యా, ఈ సంగతి మా మామ్మకి తెలీకూడదు. తెలిస్తే ఇంక అన్నం తినదు."

పోటీ నాడు మొదటి చుట్టు అయ్యేసరికి దమయంతి మూడో స్థానంలో ఉంది. నేను బిగబట్టుకుని ఉన్నాను. వెల్డింగు వేడికి పొయ్యిలో తెచ్చుకున్న నా గట్టిదనం ఆ చోట కరిగిపోయిందని నాకు తెలుసు. రెండో చుట్టులో గెడ్డలోకి దిగే చోట, రాళ్ళ మెట్టు మీద ముందు చక్రం పడింది. అతుకు పక్కనే టక్కుమని శబ్దం వచ్చింది. ఆమె పడలేదు. ఆపి, దిగి, ఒంగి చూసింది. వెనకనుంచి ఒకరి తరవాత ఒకరు దాటి వెళ్ళారు. ఆమె నన్ను భుజాన వేసుకుని మిగతా దారంతా నడిచింది. మూడేళ్ళు నేను తనను మోశాను, ఆ రోజు తను నన్ను మోసింది. ముగింపు గీత దాటేసరికి గడియారం కట్టేసి, తాళ్ళు చుట్టేస్తున్నారు. మైకు పట్టుకున్నాయన నీళ్ళ సీసా ఇచ్చి, "పర్వాలేదమ్మా" అన్నాడు. పర్వాలేదని ఎలా అనగలిగాడో నాకిప్పటికీ అర్థం కాదు.

దమయంతి ఇప్పుడు కోటలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. చక్రాలూ హ్యాండిలూ సీటూ ఊడదీసి నన్ను జీడిపిక్కల బస్తాల వెనక పెట్టింది. అటు వచ్చినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేది. అది చూడలేక సన్యాసమ్మ ఒకరోజు పొద్దున్నే, పిల్ల బడికి వెళ్ళాక, నన్ను నెత్తిన పెట్టుకుని సన్నిబాబు కొట్టుకు వచ్చింది.

"ఈ ఇనుం తీసీసుకో బాబూ. ఇది మా పిల్లకి పడ్నేదు. నా పేరున రాయించినా పడ్నేదు."

సన్నిబాబు బల్ల మీద తాడుకు కట్టిన అయస్కాంతం ఉంటుంది. ఏ సామాను వచ్చినా ముందు అది తాకించి చూస్తాడు. నాకు తాకించాడు. అది జారి బల్ల మీద పడింది. ఇంకోచోట పెట్టాడు. మళ్ళీ పడింది.

"ఇది ఇనుం కాదు మామ్మా. సత్తు. మీ ఇంట్లో అన్నం వొండే గిన్నె లేదూ, అదే."

సన్యాసమ్మ అయస్కాంతం తీసుకుని తనే నా మీద పెట్టింది. పై గొట్టం మీద, కింది గొట్టం మీద, అతుకు మీద. ప్రతిసారీ చేతిలోకి జారిపోయింది. ఆవిడ అక్కడున్న పీట మీద కూర్చుంది. సన్నిబాబు తూకం వెయ్యబోతే చేత్తోనే వారించింది. ఏమీ తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

"నాయనా, మా దమయంతి ఇటేపు వస్తే, ఇది ఇనుం కాదన్న మాట దానికి సెప్పకు. దానికి తెలీదు. తెలిస్తే నా పిల్ల తట్టుకోనేదు."

సన్నిబాబు సరేనన్నాడు. ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, ఎండలో ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది.