మోళ్ళ చేను

ఇస్త్రీ బండి ఆవిడ చెప్పిందాని ప్రకారం సోమవారం పొద్దున్నే మోళ్ళ చేను కొట్టేస్తారు. ఈవిడకి ఆ సంగతి చెప్పింది వాళ్ళ తోడికోడలట. తోడికోడలికి చెప్పింది అటవీ ఆఫీసు జీపు డ్రైవరట. ఉన్నదంతా కొట్టేసి అక్కడ అడవి పెంచుతారట.

"అడవి పెంచడానికి అడవి కొట్టడమేంటే?" అంది మోళ్ళత్త. కుట్టుమిషను చక్రం మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏమో అత్తా, విన్నది చెప్పా. మూడు వేల మొక్కలు దిగాయట, నల్ల సంచుల్లో. ఎవరో పెద్దాయనొచ్చి మొదటి మొక్క నాటుతాడట. రాతిపలక కూడా చెక్కించారట. దాని మీద మీ మరిది పేరుందట."

ఆ చివరి ముక్కని ఇస్త్రీ ఆవిడ, పెట్టె కాలిందో లేదో చూడ్డానికి నీటిచుక్క చిలకరించినట్టు వదిలింది. చుయ్యిమంది.

మోళ్ళత్తకి ఆ పేరు చేను వల్లే వచ్చింది. నలభై ఏళ్ళ కిందట ఆవిడ మామగారు కొండవాలున ఉన్న అడవిని నరికి చేను చేశాడు. పక్కవాళ్ళంతా నేలబారున నరికి, వేళ్ళు కూడా తవ్వి పారేశారు. మామగారికి నడుం నొప్పి. వంగలేడు. నిలబడే మోకాలెత్తున గొడ్డలి వేసుకుంటూ పోయాడు. దాంతో చేనంతా మోళ్ళే మిగిలాయి. నాగలి మోడు చుట్టూ తిరిగి మళ్ళీ చాల్లోకి రావాలి. ఆ వంకర చాళ్ళు చూసి, తాగి దున్నాడా ఏంటని ఊరు నవ్వింది. అప్పుడే కాపరానికొచ్చిన కొత్త కోడలికి చేను పేరే అంటుకుంది. అంటుకున్నది ఇక ఊడలేదు.

పద్దెనిమిదేళ్ళు ఆవిడ ఆ చేను చేసింది. ఏటా విత్తనానికి ముందు మోళ్ళకి చిగుళ్ళు వచ్చేవి, ఏటా కొడవలితో వాటిని తెగ్గోయడం ఆవిడ పని. పోయేకొద్దీ వాన పడ్డప్పుడల్లా పైమట్టి వాలుకి కొట్టుకుపోయింది. మిగిలిన నేల గచ్చులా బిగుసుకుపోయింది. వేసిన గింజలకి సరిపడా గింజలు కూడా రాని ఏడాది భర్త జ్వరంతో పోయాడు. ఆవిడ చేను వదిలి, కుట్టుమిషను పట్టుకుని ఈ వీధికి వచ్చేసింది. 'చేతకాక వదిలేసింది' అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నవాడు మరిది.

అదే మరిది ఇప్పుడు చేనుకి దాత.

మెళ్ళో కొలత టేపు అలాగే వేళ్ళాడుతుండగా మోళ్ళత్త వీధి చివరి పంక్చరు షాపుకి వెళ్ళింది. మరిది నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"ఏమయ్యా, నువ్వు దాతవయ్యావట?"

"ఓహ్, వదినా! చెబుదామనే అనుకుంటున్నా." అతను ట్యూబు మీంచి తల ఎత్తలేదు. "ఊరికే పడున్న బీడు కదా. పచ్చదనం పథకం కింద ఇమ్మంటే ఇచ్చా. మంచిపనే కదా?"

"అందులో సగం నాది. నా సంతకమేది?"

"సాగులో ఎవరూ లేకపోతే ఇంట్లో ఒక్కరి సంతకం చాలన్నారు. నువ్వు వదిలేసి ఇరవై రెండేళ్ళాయె."

"ఈ ఇరవై రెండేళ్ళలో నువ్వు ఎన్నిసార్లు వెళ్ళావు అక్కడికి?"

"ఏముందని వెళ్ళాలి వదినా? అదంతా పొద."

"పొదా? లోపల కప్పు పట్టిన ఇల్లంత నీడ ఉందయ్యా అక్కడ! నేను ఏటా వెళ్తున్నా. నీకు రోడ్డు మీంచి పొదే కనబడుతుంది. నీ బండి అద్దంలోంచి చూస్తే నేను కూడా పొదలాగే ఉంటా."

మరిది ట్యూబు ఇంకాస్త తిప్పాడు. బుడగ ఒకటి పైకొచ్చింది. "ఇదుగో, ఇక్కడుంది చిల్లు," అన్నాడు సంబరంగా. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

అక్కణ్ణించి నేరుగా అటవీ ఆఫీసుకి నడిచింది. శనివారం. ఆఫీసరమ్మ లేదు, సోమవారం తిన్నగా చేను దగ్గరికే వస్తుందట. కొలతల గుమాస్తా ఉన్నాడు. వరండా నిండా నల్ల సంచుల మొక్కలు, బడిపిల్లల్లా వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకటే జాతి, ఒకటే ఎత్తు. ఆఫీసు ఆవరణలో మాత్రం చెట్టన్నది లేదు. జీపులకి అడ్డమని తీసేశారట, మొదళ్ళ చుట్టూ పోసిన సిమెంటు గుండ్రాలు ఇంకా కనబడుతున్నాయి.

గుమాస్తా ఫారం తీసి చూపించాడు. "ఇందులో మూడే గళ్ళున్నాయమ్మా. సాగు, బీడు, నాటిన తోట. మీదాన్ని ఏ గడిలో వెయ్యమంటారు?"

"అడవని వెయ్యి."

"అడవైతే మా పటంలో పచ్చగా ఉండాలి. మీ దగ్గర పసుపుంది."

"ఆ పటం ఎప్పటిది?"

అతను మూల చూశాడు. "ఇరవై నాలుగేళ్ళయింది."

"అప్పుడు నేనక్కడ కలుపు తీస్తున్నా బాబూ. ఈ చెట్లన్నీ ఆ తర్వాత వచ్చినవే."

"ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు."

"ఎవరూ నాటకుండా చెట్లెలా వస్తాయమ్మా?"

అటవీ ఆఫీసులో, అటవీ ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి అడిగిన మాట అది. మోళ్ళత్త చుట్టూ చూసింది, ఇంకెవరైనా విన్నారేమోనని. గోడ మీద పాత క్యాలెండరు తప్ప ఎవరూ లేరు.

"అసలు లోపలికెళ్ళి చూశావా?"

"కొలిచామమ్మా. రోడ్డు పక్క పది చోట్ల. ఛాతీ ఎత్తున టేపు చుట్టాలని రూలు. ఎక్కడ చుట్టినా వేలి లావు దాటలేదు."

"అవి ముళ్ళకంపలు బాబూ, చుట్టూ ఉన్న గోడ. లోపలికెందుకెళ్ళలేదూ?"

గుమాస్తా మోచెయ్యి చాచి చూపించాడు. చొక్కా చిరిగి కుట్టి ఉంది. "ఆ ముళ్ళేనమ్మా," అన్నాడు దీనంగా.

కుట్టు వంకరగా ఉంది. మోళ్ళత్త మెళ్ళో టేపు తీసి అతని బల్ల మీద పెట్టింది. "నేను ఇరవై రెండేళ్ళుగా ఛాతీ కొలతలు తీస్తున్నా. ఒక్కరికీ వీధిలో నిలబడి తియ్యలేదు. మనిషి దగ్గరికెళ్ళాలి నాయనా."

"ఆఫీసరమ్మకి చెప్పుకోండి," అన్నాడతను. టేపుని వేలితో జాగ్రత్తగా ఆవిడ వైపే జరిపాడు.

సోమవారం తెల్లవారుతూనే ఆవిడ బయల్దేరింది. ఎంత తొందరపడ్డా మిషన్లు ముందే వచ్చేశాయి. భుజానికి తగిలించుకునే కోతమిషన్లతో నలుగురు, రోడ్డు పొడవునా ముళ్ళకంచె ఇరవై అడుగులు గొరిగేశారు. పచ్చి వాసన గుప్పుమంది. అప్పుడే ఎవరివో మేకలు అయిదారు ఆ సందులోంచి లోపలికి దూరి, ఇన్నేళ్ళూ తమకి అందని లేతమొక్కలని పరపరా నమిలేస్తున్నాయి. పది నిమిషాలు కాలేదు!

"ఆపండ్రా!" అంటూ ఆవిడ మిషన్ల ముందుకి వెళ్ళి నిలబడింది. మిషను పట్టుకున్నవాడు దడుచుకుని మీట వదిలేశాడు.

"పక్కకి జరగమ్మా, కాళ్ళు తెగుతాయి."

"తెగనీ. నాకు మోడని ఎలాగూ పేరుంది."

ఈలోగా జీపు వచ్చింది. ఆఫీసరమ్మ దిగింది, ముప్పై దాటి ఉండదు, కాళ్ళకి కొత్త బూట్లు. వెనక సీట్లోంచి గుమాస్తా దిగాడు. వాళ్ళ వెనకే మోటారుసైకిల్ మీద మరిది, ఇస్త్రీ చేసిన చొక్కాతో. రాతిపలకని ఇద్దరు కూలీలు గోనెగుడ్డలో చుట్టి పట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది? పదిన్నరకి పెద్దాయనొస్తారు," అంది ఆఫీసరమ్మ.

"పదిన్నరకి ఇంకా రెండు గంటలుంది. నాతో పావుగంట రా తల్లీ. వచ్చాక కూడా ఇది బీడే అంటే, నేనే పక్కకి జరుగుతా."

ఏమనుకుందో ఏమో, ఆ అమ్మాయి సరేనంది. మోళ్ళత్త ముందు మేకల్ని అదిలించి బయటికి తోలింది. కొట్టేసిన సందు ఎదురుగానే ఉన్నా అందులోంచి వెళ్ళలేదు. పక్కనున్న తన పాత దారి దగ్గర చీర ఎగ్గట్టి, ముళ్ళకింద వంగి దూరింది. ఆఫీసరమ్మ వంగింది. గుమాస్తా చొక్కా చేతులు మడిచి వంగాడు. మరిది తన చొక్కా చూసుకున్నాడు, ఎవరూ తనకోసం ఆగలేదని చూశాక అతనూ వంగాడు.

పదడుగులు దాటాక అందరూ లేచి నిలబడ్డారు. వెలుగు మారిపోయింది. ముళ్ళు లేవు, గడ్డి లేదు. పైన ఆకుల కప్పు, కింద ఆకుల పరుపు, మధ్యన నిటారుగా బోదెలు. మరిది మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ నోరు వెళ్ళబెట్టాడు.

"నేను వదిలేసిన ఏడు గడ్డి లేచింది," అంది మోళ్ళత్త. "రెండో ఏడు, మూడో ఏడు ముళ్ళు. నా మొహాన ముళ్ళు మొలిచాయని నవ్వారు అందరూ. ఆ ముళ్ళ మీద పిట్టలు వాలి రెట్టలు వేశాయి, రెట్టల్లో గింజలు. ముళ్ళ చాటున మేక నోరు పడలేదు కాబట్టి అవి బతికాయి. ముందొచ్చినవి ఈ తొందరచెట్లు." తెల్ల బెరడున్న ఒకదాన్ని తట్టింది, బోలుగా మోగింది. "గబగబా ఎదిగి, గబగబా చస్తాయి. ఇప్పటికే సగం పుచ్చిపోయాయి. వీటి నీడలో నింపాదిగా వచ్చేవి ఇవిగో, ఇవీ అసలువి. ఎండ తగిలితే ఇవి మొలిచేవే కావు."

చెయ్యి ఆకుల్లోకి దించింది, మణికట్టుదాకా దిగిపోయింది. నల్లటి మట్టి పిడికిట్లోకి తీసి మరిది అరచేతిలో పెట్టింది. "ఈ నేల మీదే కదయ్యా నీ పలుగు వంగిపోయింది?"

మరిది మట్టిని చూస్తూ ఉండిపోయాడు. పారెయ్యలేడు, జేబులో వేసుకోలేడు.

తర్వాత ఆవిడ వాళ్ళని ఒక మోడు దగ్గరికి తీసుకెళ్ళింది. మోకాలెత్తున, నాచుపట్టి, నడుమ కుళ్ళి గుంటపడిన మోడు. దాని అంచు పట్టుకుని నాలుగు బోదెలు ఆకాశంలోకి లేచిపోయాయి. మెళ్ళో టేపు తీసి వాటిలో లావుపాటిదాని చుట్టూ, సరిగ్గా ఛాతీ ఎత్తున తిప్పింది.

"చదువు బాబూ."

గుమాస్తా వంగి చూశాడు. "ముప్పై ఏడంగుళాలు."

"మా మరిది నడుమంత. నిన్న కాక మొన్నే ప్యాంటు కుట్టా." అని, మోడు మీద చెయ్యి వేసింది. "దీని పీక నేను పద్దెనిమిదిసార్లు కోశాను తల్లీ. ఏటా. కోసినప్పుడల్లా తిట్టుకున్నా, ఈ మొండి ముండ చావదేమని. మా మామ నడుం నొప్పి పుణ్యమా అని కింద వేరు బతికే ఉంది. పక్క చేలల్లో వేళ్ళు తవ్వేశారు, అక్కడ ఇప్పటికీ కంపే. అన్నీ తిరిగొచ్చాయని నేననను. పెద్దగింజ చెట్లు పాత అడవిలో ఉండేవి, ఒక్కటి రాలేదు. ఆ గింజ మోసే జంతువే లేదు ఇప్పుడు. వచ్చినంత వచ్చింది. నన్నెవరూ అడక్కుండా, మీ ఫారం చూడకుండా వచ్చింది. దీన్ని కొట్టి, ఒకే జాతి సంచిమొక్కలు నాటి, దానికి అడవని పేరు పెడతారా? సిగ్గనిపించడం లేదూ?"

ఆఫీసరమ్మ మొహం ఎర్రబడింది. గుమాస్తా వైపు తిరిగింది. "లోపలికొచ్చి కొలిచామని రాశారు మీరు."

గుమాస్తా మోచేతి కుట్టు తడుముకున్నాడు.

బయట మళ్ళీ మిషను మోగింది. ఆఫీసరమ్మ ఒక్క గావుకేక పెట్టింది, "ఆపమనండి దాన్ని!" గుమాస్తా వంగి ముళ్ళలోంచి పరుగెత్తాడు, చొక్కా ఇంకోచోట చిరిగిన చప్పుడు వినబడింది. మిషను ఆగింది. ఎక్కడో పిట్ట అరిచింది.

"ఆపించాను సరే," అంది ఆ అమ్మాయి, చెమట తుడుచుకుంటూ. "పైవాళ్ళకి ఏం చెప్పాలి? మొక్కలొచ్చేశాయి. పలక వచ్చేసింది. ఆయన దారిలో ఉన్నారు. ఏదో ఒకటి చేశామని చూపించాలి కదమ్మా."

"అదే నేనూ అంటున్నా," అందుకున్నాడు మరిది. మట్టి ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "పెద్దవాళ్ళొచ్చేసరికి ఊరికే చేతులు కట్టుకు నిలబడితే బాగుంటుందా వదినా? కనీసం ఓ పక్కనైనా చదును చేసి... అసలు మమ్మల్ని ఏం చెయ్యమంటావు చెప్పు?"

మోళ్ళత్త టేపు చుట్ట చుట్టి మెళ్ళో వేసుకుంది.

"ఏమీ చెయ్యకండి. ఇరవై రెండేళ్ళూ నేనిక్కడ చేసింది అదే. మీకు చేతకాకపోతే చెప్పండి, నేర్పిస్తా."