రెట్టింపు

ఆ ఇంటాయనకు కుర్చీల మీదున్న ప్రేమలో పదో వంతు పెళ్లాం మీద ఉంటే, ఆవిడ ఈపాటికి మహారాణి అయిపోయేది. ఆటల మైదానంలో పదివేల కుర్చీల బాగోగులు ఆయనవే. ఇంట్లో కుర్చీకి కాలు విరిగి ఏడాదైనా అది ఆయన కంటికి ఆనదు.

ఆయనకు పెద్దపేగులో పుండ్ల జబ్బు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు సొంత పేగు మీదే విరుచుకుపడుతుంటే, వాటిని జోకొట్టడానికి రోజూ ఒక మాత్ర. కాపలా కునికితే లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు కాస్త పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన ఫోన్లో వెతికి, "రెట్టింపు" అన్న ముక్క పట్టుకుని, గుట్టుగా మాత్ర మానేశాడు. నెల తిరక్కుండా విరేచనంలో మళ్లీ రక్తం పడింది.

ఆవిడ ఆయన్ని లాక్కెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది.

"రెట్టింపన్నది నిజమేనండీ. మాత్ర లేకపోతే పదివేల మందిలో ఏడాదికి ఇద్దరు ముగ్గురికి వస్తుంది. వేసుకుంటే అయిదుగురికి. మానేస్తే మాత్రం పుండ్లు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ."

"అయిదుగురంటే తక్కువా?" అని గొణుగుతూ బయటికొచ్చాడాయన.

"మీ మైదానానికి పదండి," అంది ఆవిడ.

ఇన్నేళ్లలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. చీకటి దారిలోంచి బయటపడి, తలెత్తి చూసింది. చుట్టూ కుర్చీలు, కుర్చీల మీద కుర్చీలు, ఆకాశం అంచు దాకా.

"ఇవన్నీ మీరే చూస్తారా?"

"లేదు, మీ తమ్ముడొచ్చి చూసిపోతాడు."

ఆస్పత్రిలో పనికొస్తాయని తెచ్చిన చేతిరుమాళ్లు తీసి, ఎక్కడెక్కడో అయిదు కుర్చీల్లో వేసింది.

"బస్సులో సీట్లు ఆపుతున్నావా?"

"పైకి రండి, చెప్తా."

పై వరస చేరి ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఏటవాలు ఎండలో మైదానమంతా ఒకటే వెలుగు. రుమాళ్లు ఎంత వెతికినా కనిపించలేదు. ఆవిడకు నవ్వు రాలేదు. ఆ అయిదూ ఎవరో ఒకరి మనుషులే కదా.

బోల్టు బోల్టుకీ వంగి చూసినవాడే గానీ, ఆయనా ఇదంతా ఒక్క చూపులో ఎప్పుడూ చూడలేదు.

"ఒకవేళ ఆ అయిదుగురిలో నేనుంటే?"

"ఉంటే పక్క కుర్చీలో నేనుంటా. కానీ రక్తం ఇవాళే పోతోందిగా."

ఆయన రెయిలింగు పట్టుకుని, పదివేల కుర్చీలకూ వినబడేలా అన్నాడు.

"మాత్ర మానడం నా తప్పే! మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరమ్మని అడుగు."