పరగడుపు అరగంట

శనివారం పొద్దున్న మేరీకుమారి చేసే మొదటి పని, లిండాని లేపి, పిల్ల పూర్తిగా కళ్ళు తెరవకముందే అరచేతిలో చిన్న తెల్ల మాత్ర పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకుని పక్కన నిలబడడం. మింగాక అరగంట దాకా పిల్ల నోట్లోకి ఇంకేమీ వెళ్ళకూడదు. పాలు కాదు, బిస్కెట్ కాదు, నానమ్మ ఇండియా నుంచి పంపిన కాల్షియం టానిక్ అసలే కాదు. ఆకలేసే పిల్లకి అరగంటంటే మాటలు కాదు కాబట్టి, వంటగదిలో హీటర్ పక్కన నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఇద్దరూ అష్టాచెమ్మా ఆడతారు. అరగదీసిన చింతగింజలు నాలుగు. వేసిన గింజలు చూసి ఎంత పడిందో చెప్పడానికి లిండాకి చాలాసేపు పడుతుంది. పెదాలు కదుపుతూ ఒక్కో గింజనీ వేలితో తాకుతుంది. మూడేళ్ళ కిందట ఇదే పిల్ల గింజలు నేల మీద ఆగకముందే "చెమ్మా" అని అరిచేది. మేరీ తొందరపెట్టదు. తన కాయని కావాలనే లిండా కాయకి అందేలా పెట్టి, చంపించుకుంటుంది.

లిండాకి పదేళ్ళు. చూసినవాళ్ళు ఏడంటారు.

ఐదేళ్ళ వయసులో దాని చిన్నమెదడులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్ళీ రాకుండా తలకీ వెన్నుకీ రేడియేషన్ ఇచ్చారు. ఆ కిరణాలు దారిలో గొంతుని కూడా తాకుతాయనీ, అక్కడుండే థైరాయిడ్ గ్రంథి కొన్నేళ్ళకి మెల్లిగా పని మానేయొచ్చనీ, కనిపెట్టుకుని ఉండమనీ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఆ మాట భర్త సుందర్‌రాజ్ కూడా విన్నాడు. విని, మర్చిపోయాడు. మర్చిపోవడానికి అతనికి వీలుంది. జర్మనీలోని వాల్డార్ఫ్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం, మీటింగులు, డెడ్‌లైన్లు. ఆ రోజుల్లో మేరీకీ ఒక ల్యాబ్‌లో ఉద్యోగం ఉండేది. "మనిద్దరిలో ఎవరో ఒకరు మానెయ్యాలి మేరీ" అన్నాడతను. ఆ 'ఎవరో ఒకరు' ఎవరో అడగాల్సిన పని ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు. మేరీ మానేసింది. ఆసుపత్రి వరండాల్లో నర్సుల దగ్గర జర్మన్ నేర్చుకుంది, పిల్ల వాంతులు ఎత్తింది, ఊడిన జుట్టు దిండు మీంచి ఏరింది. పిల్ల బతికింది. కాకినాడ నుంచి అత్తగారు బాలామణి ఫోన్ చేసి, "నా కొడుకు చేసుకున్న పుణ్యం, నేను చేసిన ఉపవాస ప్రార్థనలు, ఊరికే పోలేదమ్మాయ్" అంది. మేరీ "అవునత్తయ్యగారూ" అంది.

ఆ తర్వాత అంతా బాగానే ఉందనుకుంటున్నప్పుడు లిండా మందగించడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా సోఫాలో పడి నిద్రపోయేది. ఎండలో చలి అనేది. మోచేతులు బీటలు వారాయి. "అన్నం తగ్గించు, పిల్ల ఉబ్బిపోతోంది" అన్నాడు సుందర్‌రాజ్. "అదంతా తల్లి పోలికే, ఒళ్ళొంగదు" అంది బాలామణి వీడియోలో, మేరీ వింటుండగానే. రెండేళ్ళ క్రితం కొన్న చలికాలం బూట్లు ఆ చలికాలానికి కూడా సరిగ్గా సరిపోయాయి. సుందర్‌రాజ్, "ఇంకా కొత్తవాటిలా ఉన్నాయే!" అని మెచ్చుకున్నాడు. మేరీ ఆ బూట్లు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. పిల్ల పాదం రెండేళ్ళుగా పెరగలేదని ఆ ఇంట్లో తనొక్కతికే అర్థమైంది. మర్నాడే ఫోన్ పట్టుకుని కూర్చుని డాక్టరమ్మ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, సంపాదించింది. రక్తపరీక్షలో అనుకున్నదే తేలింది. థైరాయిడ్ దాదాపు చేతులెత్తేసింది.

"రోజూ మాత్ర, పరగడుపున, నీళ్ళతో మాత్రమే. పద్ధతిగా వేస్తే పిల్ల పెరుగుతుంది, చురుకుదనం తిరిగొస్తుంది" అంది డాక్టరమ్మ. కొన్నేళ్ళ తర్వాత మేరీ మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా అప్పుడే ఆమెకి కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. పొద్దుటి షిఫ్టు. చీకటితోనే బయల్దేరి తలుపులు తెరవాలి. ల్యాబ్ ఉద్యోగంతో పోలిస్తే ఇదేపాటి అనిపించొచ్చు గానీ, ఆ తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టినప్పుడు మేరీకి ఒళ్ళంతా వెచ్చబడింది. "వారంలో ఐదు రోజులు మాత్ర నేనిస్తాలే. ఒక్క మాత్రేగా" అన్నాడు సుందర్‌రాజ్. వెళ్ళేముందు నేనే లేపి ఇచ్చేస్తానండీ అని మేరీ అంటే, "చీకట్లో పిల్లని లేపుతావా? నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక తెలుగువాళ్ళందరి ముందూ, "ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి డ్యూటీ నాదే బ్రదర్" అని ప్రకటించాడు. "మీరెంత అదృష్టవంతులు సిస్టర్" అని ఆడవాళ్ళు మేరీ చెయ్యి నొక్కారు. ఐదేళ్ళు ఆమె చేసిన చాకిరీకి మాత్రం ఎవరూ ఆమె చెయ్యి నొక్కలేదు.

నెలలు గడిచాయి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగలేదు. మందు కొంచెం పెంచారు. మళ్ళీ దిగలేదు. లిండాని ఒక తరగతి వెనక్కి వేస్తే మంచిదని బడి నుంచి కబురొచ్చింది. తప్పు ఎక్కడుందో అని మేరీ కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికింది. మాత్రల డబ్బా పొయ్యి పక్కనుంటే వేడికి పాడవుతోందేమోనని పడగ్గదిలోకి మార్చింది. శనివారాలు తను ఆట ముందే ఆపేస్తోందేమోనని గడియారం ఎదురుగా పెట్టుకుంది. కిటాలో పరాయి పిల్లలకి బూట్లు తొడుగుతూ, వాళ్ళ పాదాలు చేతిలో పట్టక జారుతుంటే, నా పిల్ల పాదానికేం శాపం ప్రభువా, నాలో ఏ పాపం చూశావు అని లోపల్లోపలే రోదించేది. ఇంట్లో తీర్పు ఎప్పుడో అయిపోయింది. "నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పిల్ల బానే ఉంది" అన్నాడు సుందర్‌రాజ్. "కన్నబిడ్డని గాలికొదిలేసి ఊళ్ళో పిల్లల ముక్కులు తుడవడం ఏం సోకమ్మా" అంది బాలామణి. వినగా వినగా మేరీకి అదే నిజమనిపించింది. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. ఇవ్వబోతే కిటా పెద్దావిడ ఫ్రౌ బెర్గర్ తీసుకోలేదు. "శుక్రవారం మీ డాక్టర్ టెర్మిన్ ఉందన్నావుగా, అదయ్యాక చూద్దాం" అంది. ఏదో మాటల్లో, కిటా మేడమీద అద్దెకిచ్చే రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, మీవాళ్ళెవరైనా ఉంటే చెప్పమని కూడా అంది. మేరీ ఎవరైనా విద్యార్థులకి చెప్పొచ్చులే అనుకుని మర్చిపోయింది.

శుక్రవారం ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ పాత కాగితాలూ కొత్త కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇంత మందు ఇస్తుంటే ఈ అంకె ఇలా ఉండకూడదు. మాత్ర ఎలా ఇస్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మీరు చెప్పినట్టే డాక్టర్. పరగడుపున, నీళ్ళతో. తర్వాత అరగంట ఆగి టిఫిన్" అన్నాడు సుందర్‌రాజ్, పాఠం అప్పజెప్పినట్టు.

"అయితే మందు బాగా పెంచాలి. కానీ నాకు భయంగా ఉంది. ఈ పిల్ల గుండె కూడా ఆ వైద్యాలన్నీ తట్టుకుంది. ఎక్కువైతే గుండె మీద భారం పడుతుంది." ఆవిడ అతని వైపు మళ్ళీ చూసింది. "మాత్ర ఇవ్వడంలో ఎక్కడా తేడా లేదని ఖాయమేనా?"

"ఖాయం" అన్నాడు సుందర్‌రాజ్.

ఆవిడ మందు రాయడానికి కంప్యూటర్ వైపు తిరుగుతూ, లిండాని నవ్వించడానికన్నట్టు జర్మన్‌లో అడిగింది. "పాపం, ఆకలేస్తుంటే ఆ అరగంట ఏం చేస్తావు బంగారం?"

లిండా ఆలోచించింది. దాని ఆలోచన ఎప్పుడూ మెల్లగానే వస్తుంది. "శని, ఆదివారాలు మమ్మీతో గింజలాట ఆడతాను."

"మిగతా రోజులు?"

"మిగతా రోజుల్లో అరగంట ఉండదు" అంది లిండా. తర్వాత తండ్రి వైపు చూసి, తెలుగులో, "సారీ డాడీ. మమ్మీకి చెప్పొద్దన్నావు కదా, నేను డాక్టర్‌కే చెప్పాను" అంది.

మేరీ లేచి కూతురి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "డాడీ మాత్ర ఎలా ఇస్తారు నాన్నా?"

"మిల్ష్‌లో. నానమ్మ టానిక్ కూడా అందులోనే కలిపేస్తాడు. చాక్లెట్‌లా ఉంటుంది."

మేరీ డాక్టరమ్మకి జర్మన్‌లో చెప్పింది. "మందు పెంచకండి. మాత్ర పాలల్లో, కాల్షియంతో కలిపి ఇస్తున్నారు." ఆవిడ చెయ్యి కీబోర్డు మీంచి తీసేసింది. మాత్ర ఒంటికి పట్టకుండా ఆ రెండూ అడ్డుపడుతున్నాయని, పాత మోతాదే సరైన పద్ధతిలో ఇచ్చి మళ్ళీ పరీక్ష చేద్దామని చెప్పింది. పోయిన నెలలు తిరిగొస్తాయా అని మేరీ అడిగింది. కొంతవరకు అంది ఆవిడ. ఎంతవరకో చెప్పలేదు.

ముగ్గురూ కారు దగ్గరికి వచ్చారు. లిండా వెనకసీట్లో ఎక్కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాక సుందర్‌రాజ్ మొదలుపెట్టాడు.

"అమ్మే చెప్పింది, పరగడుపున మందేస్తే పేగులు మాడిపోతాయ్, పాలల్లో ఇవ్వరా అని. మా చిన్నప్పట్నుంచీ మాకు ఏ మందైనా పాలల్లోనే ఇచ్చేది. మేమేమన్నా చచ్చామా? పైగా ఆ అరగంట కోసం నేను అరగంట ముందు లేవాలి మేరీ. రాత్రి కాల్స్ ఎన్నింటిదాకా ఉంటాయో నీకు తెలీదా?"

మేరీ సీటుబెల్టు పెట్టుకుంది.

"అయినా డాక్టర్ ముందు నా పరువు తియ్యాలా? ఇంటికొచ్చి అడగొచ్చుగా."

పాలల్లో ఇవ్వడాన్ని ఆమె క్షమించగలదు. తెలియకో, బద్ధకించో, తల్లి మాట కాదనలేకో చేశాడు. ఎన్ని క్షమించలేదు ఇన్నేళ్ళలో! ఆమె చెవిలో గింగురుమంటున్నది ఆ ఒక్క 'ఖాయం'. గుండె మీద భారం పడుతుందని ఆవిడ చెప్పింది. అతను విన్నాడు. ఈసారి మర్చిపోలేదు కూడా. తను తప్పు చేశాడని ఒక పరాయి మనిషికి తెలియడం కంటే, కూతురు ఎక్కువ మందు మింగడమే అతనికి తేలికనిపించింది. ఇన్ని నెలలు ఆమె తనని తాను కోసుకుని తింటుంటే, ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. రాజీనామా రాస్తుంటే అందులో స్పెల్లింగులు దిద్దిపెట్టాడు. మేరీకి ఏడుపు రాలేదు.

పార్కింగ్ టికెట్ కోసం అతను మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. మేరీ ఫోన్ తీసి ఫ్రౌ బెర్గర్‌కి రెండు ముక్కలు రాసి పంపింది. అతను తిరిగొచ్చేలోగానే జవాబొచ్చింది.

సుందర్‌రాజ్ సీట్లో కూర్చుని మెత్తబడ్డాడు. "సరేలే, అయిందేదో అయింది. పోనీ నువ్వే ఇచ్చెయ్. వెళ్ళేముందు లేపి ఇచ్చేస్తే గొడవే లేదు. ఉద్యోగం కూడా మానక్కర్లేదు, సరేనా?" అన్నాడు, ఏదో పెద్ద వరమిచ్చినట్టు.

మేరీ సంచిలోంచి రాజీనామా తీసి, మడిచి, కారులో చెత్త వేసే కవర్లో పడేసింది. వెనక్కి తిరిగి లిండా కాళ్ళ మీంచి జారిన కోటు సర్దింది. ఆ పాత బూట్లు కిందికి ఆనకుండా గాల్లో వేలాడుతున్నాయి.

"నేనే ఇస్తాను" అంది.

"అదీ! ముందే అంటే పోయేదిగా" అని అతను కారు స్టార్ట్ చేశాడు.

"కిటా మేడమీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయండీ. సోమవారం నుంచి అక్కడ ఇస్తాను."