వెంట వచ్చినవారు

బుధవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ప్రియదర్శిని కంప్యూటర్ తెర దానంతటదే మూసుకుపోయింది. మంచినీళ్ళ కోసం లేచి వెళ్తే తలుపు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. అంతకు కాసేపటి ముందే, తనకు కేటాయించని ఒక రోగి చార్టును ఆమె తెరిచింది. తెర మూసుకుపోయేలోపు చదవడం కూడా పూర్తి చేసింది.

ప్రియదర్శినిది జనగామ దగ్గర ఊరు. మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, మాదాపూర్‌లో ఒక మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరింది. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లూ నర్సులూ రాసిన చార్టులు అక్కడికి వస్తాయి. వాటిని చదివి ప్రతి జబ్బుకూ, ప్రతి చికిత్సకూ ఒక కోడ్ వేసి పంపాలి. పంపిన చార్టు మళ్ళీ లిస్టులో కనబడదు.

ట్రైనింగ్ ఇచ్చింది పార్థసారథి. ఏలూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డాడు. మాటను ముక్కలుగా కోయడం ఆయనే నేర్పాడు.

“పెద్ద మాట చూసి బెదిరిపోకండమ్మా. అది రైలు. ముందు ఇంజన్ ఎటు చూస్తోందో పట్టుకోండి. సబ్ అంటే కింద. ఇంటర్ అంటే మధ్య. ట్రాన్స్ అంటే గుండా. లాటిన్ మాట్లాడేవాళ్ళు పోయారు గానీ ఇంజన్లు మనకి వదిలేసి పోయారు.”

“మరి ఎనక బోగీలు తెల్వకుంటే సార్?” అన్నాడు నితీష్. అతనిదీ అదే బ్యాచ్.

“నువ్వు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతావు నాన్నా.”

ప్రియదర్శినికి అది అలవాటైపోయింది. ఇంటర్‌కోస్టల్ అని కనబడితే, ఇంటర్ మధ్య, కోస్టా పక్కటెముక, పక్కటెముకల మధ్య అని విడదీసుకునేది. కొత్తగూడలోని హాస్టల్ నుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలో హోర్డింగుల మీది మాటలను కూడా కోసేది. కోసినవి చెప్పుకోవడానికి మనిషి లేదు. హాస్టల్ గదిలో రెండో మంచం అమ్మాయిది నైట్ షిఫ్టు. ప్రియదర్శిని వెళ్ళాక ఆమె వస్తుంది, ప్రియదర్శిని వచ్చేలోపు ఆమె వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఆదివారం మాట్లాడుకుంటారు, గీజర్ గురించి.

నెల మొదట్లో ఒక చార్టు వచ్చింది. రోగికి డెబ్బై ఆరేళ్ళు. ట్రాన్స్‌యూరెత్రల్ రిసెక్షన్ అని ఉంది. ట్రాన్స్ గుండా, యూరెత్రా మూత్రనాళం, సెక్షన్ కోత. మూత్రనాళం గుండా పరికరాన్ని పంపి మూత్రాశయంలోని గడ్డను కోసి తీయడం. కానీ ఆపరేషన్ జరగలేదు. కారణం నర్సు ఒక్క మాటలో రాసింది: అన్‌అకంపెనీడ్.

అన్ అంటే లేదు. దాని వెనక కామ్, అంటే కలిసి. మిగిలిన ముక్క తెలియలేదు. భోజనానికి బయటికి వచ్చినప్పుడు ఫోన్‌లో వెతికింది. పానిస్, రొట్టె. కలిసి రొట్టె తినే మనిషి లేకుండా వచ్చాడు. మత్తు ఇచ్చాక ఇంటికి తీసుకెళ్ళే మనిషి వెంట లేకపోతే ఆ ఆసుపత్రి ఆపరేషన్ చేయదు. ఆయన్ని వెనక్కి పంపారు. ఆపరేషన్ రద్దయిందని ఒక కోడ్, రోగి ఒంటరిగా ఉంటాడని ఒక కోడ్ వేసి ప్రియదర్శిని చార్టు పంపేసింది.

సాయంత్రం ఆ మాట పార్థసారథికి చెప్పింది.

“అన్ లాటిన్‌ది కాదమ్మా, ఇంగ్లీషువాళ్ళ సొంతం. కామ్ మాత్రం మన ఇంజనే. అయినా అది రోగం మాట కాదు. వదిలెయ్.”

రెండు వారాల తర్వాత అదే రోగి మళ్ళీ ఆమె లిస్టులోకి వచ్చాడు. మళ్ళీ ఒక్కడే వెళ్ళాడు. టాక్సీ డ్రైవర్ తీసుకెళ్తే సరిపోతుందా అని అడిగాడని నర్సు రాసింది. సరిపోదన్నారు. గడ్డ పెరుగుతోందని, ఇక వాయిదా వేయడానికి లేదని డాక్టర్ రాశాడు. మూడోసారి ఆపరేషన్‌కు నెలాఖరు సోమవారం రమ్మన్నారు.

ఆ సోమవారమే ప్రియదర్శిని టీముకు వేరే ఆసుపత్రి పని ఇచ్చారు. పాత ఆసుపత్రి చార్టులు ఇంకో టీముకు వెళ్ళాయి. రోగి నంబరు కొట్టి వెతికే వీలు మాత్రం ఇంకా తీసేయలేదు.

మంగళవారం క్యాంటీన్‌లో నితీష్‌ను అడిగింది.

“ఆ తాత ఎంబడి ఈసారన్నా ఎవరన్నా పోయిన్రంటవా?”

“ఎవరు, మీ తాతనా?”

“చార్టుల తాత.”

“అరె, గిట్ల పరేషాన్ అయితవేందే! ఫికర్ చేసుడుకు గూడ కోడ్ ఉంటే చెప్పు, నేను గూడ చేస్త.”

“తెరిచి చూస్తే?”

నితీష్ టీ గ్లాసు కింద పెట్టాడు. “నౌకరీ పోతది. ఎవరు తెరిచిన్రో సిస్టం రాసుకుంటది. నేను చెప్పలేదనకు.”

ఆ సంగతి ఆమెకు తెలుసు. చేరిన రోజే దాని మీద సంతకం పెట్టింది. బుధవారం ఉదయం నంబరు కొట్టింది.

మధ్యాహ్నం హెచ్‌ఆర్ గదికి పిలిచారు. మేనేజర్ సంయుక్త ఉంది. ట్రైనర్‌గా పార్థసారథిని కూర్చోబెట్టారు.

“ఈ డేటా ఎవరికైనా షేర్ చేశారా?” అంది సంయుక్త.

“లేదు మేడం.”

“ఫొటో తీశారా?”

“లేదు.”

“ఆ పేషెంట్ మీకు తెలుసా?”

“రెండుసార్లు చదివిన మేడం.”

“తెలుసా అని అడుగుతున్నాను.”

“తెల్వదు.”

“మరి ఎందుకు ఓపెన్ చేశారు?”

“ఎంబడి ఎవరన్నా వచ్చిన్రా లేదా అని.”

ఉద్యోగం ఆ రోజుతో ముగిసిందని సంయుక్త చెప్పి, కార్డు తీసుకుంది.

గేటు దాకా తోడు వెళ్ళే పని పార్థసారథికి అప్పగించారు. ఎనిమిదో అంతస్తులో ఇద్దరూ లిఫ్టు ఎక్కారు.

“నన్ను అడగాల్సిందమ్మా.”

“అడిగితే ఏమంటుంటిరి సార్?”

“వదిలెయ్ అనేవాణ్ణి.”

లిఫ్టులో వేరే ఎవరూ లేరు. అయినా ఆయన గొంతు తగ్గించాడు.

“ఇంతకీ వచ్చారా ఎవరైనా?”

“వచ్చిన్రు సార్. పేరు రాసిన్రు.”

“పేరు చెప్పకు.”

“చెప్ప సార్. ఆయనకు ఏమైతరు అన్న కాడ మాత్రం ఏం రాయలే. ఖాళీ ఉంది.”

“ఆపరేషన్?”

“అయింది. రెండున్నరకు ఇంటికి పంపిన్రు.”