పన్నెండో గుడ్డ

"పది, పదకొండు, పన్నెండు. సరిపోనాయి, పట్టుకెల్లు" అంటూ మంగాయమ్మ గుడ్డల మడత ఎర్రయ్య చేతిలో పెట్టింది. ఎర్రయ్య వాటిని విప్పి చూసుకోలేదు. పొద్దుటి లెక్క ఆమెది, సాయంత్రం లెక్క అతనిది. ఇరవయ్యేడేళ్లుగా ఆ ఇంట్లో అదే పద్ధతి.

ఆమె పాత నూలు చీరలను జానెడు ముక్కలుగా కత్తిరించి, నాలుగంచులా ఎర్ర దారంతో కుట్టిన గుడ్డలవి. గుడ్డ ఎంత మసిబారినా అంచు కంటికి ఆనాలని ఎర్ర దారం. వారానికోసారి సోడా వేసి ఉడకబెట్టేది. అయినా నూనె మరకలు పోయేవి కావు.

"దగ్గెలాగుంది?" చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అడిగాడు.

"దగ్గుకేటి, దాని పని అది సేస్తంది. నీ పని నువ్వు సూడు."

"సోమారం ఆస్పత్రికెల్దామంటే వొద్దన్నావు. శనివారం వొచ్చీసింది."

"ముందు ఇంజను ముయ్యి. నీ బండిమీదే ఎల్దాం. ముందు సీట్లో కూకుంటాను నాను. ఆస్పత్రి గుమ్మంలో దింపుదువుగాని, అందరూ సూడాల" అని నవ్వబోయి, దగ్గొచ్చి, గోడవైపు తిరిగిపోయింది.

నిజం చెప్పాలంటే, ఆమె ప్రయాణం వాయిదా వేసినందుకు ఎర్రయ్యకు లోలోపల హాయిగానే అనిపించింది. ఆ వేళ ఇంజను తిరగాలి. తక్కినవన్నీ రేపటి సంగతులు.

బిలాస్‌పూర్ శివారు మోప్కాలో వాళ్ల రేకుల ఇంటికి మూడు ప్లాట్ల అవతల, ఖాళీ జాగాలో లారీ రెండు వానాకాలాలుగా పడి ఉంది. రిటైరయ్యాక ఎర్రయ్య పాతబండి ఒకటి కొని ఇటుకలు తోలాడు. ఓ మధ్యాహ్నం సీపత్ రోడ్డు మీద ఆయిల్ పైపు పగిలి, నూనె అంతా కారిపోయి, ఇంజను పట్టేసింది. మెకానిక్కులంతా "దీన్ని తూకానికి అమ్ముకో అంకుల్" అన్నారు. ఎర్రయ్య వినలేదు. ఏడు నెలలుగా తనే విప్పుతున్నాడు, తనే కడుగుతున్నాడు, తనే మూస్తున్నాడు. ఈలోగా ఆ ప్లాటు ఎవరో కొన్నారు. కొన్నాయన మనిషి రెండుసార్లు వచ్చి మర్యాదగానే చెప్పాడు, "అంకల్, శనివార్ పాంచ్ బజే తక్." సాయంత్రం ఐదు లోపల బండి తన కాళ్ల మీద తాను కదిలితే సరి. లేదంటే పాత ఇనుము కొనే కబాడీవాడు క్రేను తెచ్చి ఎత్తుకుపోతాడు. పునాది ముహూర్తం ఆదివారం పొద్దున్నే పెట్టుకున్నారట.

ఎర్రయ్య గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. అరవై ఆరేళ్ల మనిషి. బొమికల మీద చర్మం ఎండి అతుక్కుంది గాని, ముంజేతుల్లో సత్తువ ఇంకా పోలేదు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఎప్పుడో రైల్వే షెడ్డులో పనిచేసేటప్పుడు పిస్టన్ కింద నలిగి ఊడింది, మళ్లీ రాలేదు. చేతి గీతల్లో నల్లటి నూనె ఎంతగా ఇంకిపోయిందంటే, అన్నం కలుపుతుంటే చూసినవాళ్లకు ఇబ్బందిగా ఉండేది. మంగాయమ్మకు మాత్రం ఏనాడూ లేదు.

చివరి రెండు సిలిండర్ల బేరింగులు మిగిలాయి. క్రాంకును గుడ్డతో తుడిచాడు. ఇంకో గుడ్డ తీసి మళ్లీ తుడిచాడు. నూనె రాసి, మూతలు పెట్టి, బోల్టులు చేత్తో తిప్పి, టార్కు రెంచీ వేశాడు. రెంచీ టక్కుమన్నప్పుడల్లా అతని దవడలు కూడా టక్కుమనేవి. తర్వాత బయటికొచ్చి క్రాంకును కడ్డీతో తిప్పి చూశాడు. ఎక్కడా పట్టు లేకుండా మెత్తగా తిరిగింది. ఓలమ్మో, ఎంత మెత్తగా! ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. ఓ ఆవు తప్ప ఎవరూ లేరు.

ముప్పై ఆరేళ్లు డీజిల్ షెడ్డులో అతను ఖలాసీ. ఖలాసీగా చేరాడు, ఖలాసీగానే దిగిపోయాడు. కడగడం, మొయ్యడం, అందివ్వడం. ఇంజను మూసే చెయ్యి వేరే ఉండేది. ఒకే ఒక్కసారి, ఫిట్టర్ చంద్రమౌళి నమ్మి, ఇంజను లోపల తుడిచి రమ్మని పంపించాడు. ఎర్రయ్య తుడిచాడు, వచ్చాడు, గుడ్డ ఒకటి లోపలే వదిలేశాడు. నాలుగు రోజులకు ఆ గుడ్డ నూనె పీల్చే గొట్టానికి అడ్డం పడింది. ప్యాసింజరు రైలు దారి నడిమధ్యలో మూడు గంటలు ఆగిపోయింది. విచారణలో అడిగితే "నానే మర్సిపోనాను" అన్నాడు. చంద్రమౌళికి ఇంక్రిమెంటు పోయింది. ఎర్రయ్యను మాత్రం ఆ తర్వాత ఎవరూ ఫిట్టర్ పరీక్షకు పిలవలేదు. అతనూ అడగలేదు.

ఆ రోజు మంగాయమ్మ మొదట ఏడ్చింది. తర్వాత పెట్టె తెరిచి, కట్టుకోదగ్గ చీరే తీసి, కత్తెర పెట్టింది. "రేపటికాణ్ణించి గుడ్డలు నాను లెక్కెట్టి ఇత్తాను. సాయంత్రం గుమ్మం కాడ నిలబడి లెక్క సెప్పాలి నువ్వు. సెప్పినాకే కంచం" అంది. అప్పటినుంచి ఏ సాయంత్రమైనా ఎర్రయ్య గుమ్మంలో నిలబడి "పన్నెండు" అంటాడు, లోపల కంచం చప్పుడవుతుంది. పిల్లలు లేని ఆ ఇంట్లో రోజూ తప్పకుండా వినిపించే మాట అదొక్కటే. రిటైరై ఇంట్లో కూర్చున్న రోజుల్లో, పనేమీ లేక, ఆ మాటా లేక ఇద్దరికీ ఏదోలా ఉండేది.

అడుగున నూనె నిలిచే చాంబరుకు కొత్త ప్యాకింగ్ వేసి బిగించేసరికి పది దాటింది. పైనుంచి నూనె పోశాడు. ట్యాపెట్ల సందు గేజితో సరిచూశాడు. డీజిల్ గొట్టాల్లో గాలి తీశాడు. బ్యాటరీ తగిలించాడు. తల ఎత్తి చూసేసరికి ఎండ నెత్తి మీదినుంచి పక్కకు వాలింది. ఒంటిగంటకల్లా క్యారేజీ తెచ్చే మంగాయమ్మ రాలేదు. పడుకుని ఉంటుంది, పడుకోనీ అనుకున్నాడు. ఆకలి కూడా వేయలేదు మరి.

చంద్రమౌళి స్కూటరు దిగి వచ్చాడు. అప్పటి ఫిట్టరే. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి పక్క వీధిలో ఉంటున్నాడు. ఒకప్పటి సంగతి ఎర్రయ్య దగ్గర ఒక్కనాడూ ఎత్తని మనిషి.

"ఒరే ఎర్రయ్యా, ఎంతవరకొచ్చింది?"

"అయిపోనాది మేస్త్రీగారూ. సెల్ఫు కొట్టడమే."

"మరి కొట్టరా. ఏటి సూస్తన్నావు?"

"గుడ్డలు లెక్కెట్టాల."

బానెట్ మీద ఒక్కొక్కటే పరిచాడు. పదకొండు. మళ్లీ పరిచాడు. పదకొండు. జేబులు తిరగేశాడు, గోనెసంచి దులిపాడు, గడ్డిలో వెతికాడు, సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఎర్ర అంచు గుడ్డలు పదకొండే. బంపరు మీద కూలబడ్డాడు.

చంద్రమౌళికి వెంటనే అర్థమైంది. పరిచిన గుడ్డలు తనూ ఒకసారి లెక్కపెట్టాడు. తర్వాత, "ఏ కుక్కో ఎత్తుకుపోయుంటాది. కొట్టు సెల్ఫు. నానంటన్నాను కదా" అన్నాడు.

"లోపలుంటేనో?"

"అచ్ఛా, పోనీ ఇంటికెల్లి మంగాయమ్మనడుగు. పొద్దున్న పదకొండే ఇచ్చిందేమో!"

"ఆవిడ లెక్క తప్పదు బాబూ. ఒక్కనాడు తప్పలేదు."

"అడిగితే పోయిందేట్రా? మూడడుగులు లేదు ఇల్లు!"

"ఏటని అడగమంటారు?" ఎర్రయ్య గొంతు పెరిగింది. చంద్రమౌళి ఎదుట అతని గొంతు పెరగడం అదే మొదలు. "మళ్లీ గుడ్డ పోగొట్టీసేనే మంగా అని సెప్పమంటారేటి? ఈ మొకం ఎట్టుకొని?"

"ఓరి నీ సిగ్గు తగలెయ్యా! ఐదింటికి ఆళ్లొచ్చీస్తార్రా!"

ఎర్రయ్య బంపరు మీంచి లేచాడు. పానా తీసుకుని మళ్లీ బండి కిందికి దూరాడు. చంద్రమౌళి కాసేపు గొణిగాడు, తిట్టాడు, తర్వాత మోకాళ్లు పట్టుకుని ఎలాగో వంగి, విప్పిన బోల్టులు అందుకుని వరసగా పెట్టసాగాడు. షెడ్డులో అన్నేళ్లూ ఎర్రయ్య అందించాడు, చంద్రమౌళి బిగించాడు. ఇప్పుడు ఆ పెద్దాయన అందుకుంటున్నాడు. మరో రోజైతే ఎర్రయ్య దానికి ఎంత పొంగిపోయేవాడో!

నూనె డబ్బాలోకి దింపాడు. చాంబరు ఊడదీస్తే కొత్త ప్యాకింగ్ నిలువునా చిరిగింది. మళ్లీ మూసి బిగించడానికి ఇంకోటి లేదు. నూనె పీల్చే గొట్టం జాలీ విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది. టార్చి వేసి క్రాంకు చుట్టూ వెతికాడు, నూనె దారుల్లో తీగ దూర్చి చూశాడు. పైకొచ్చి ట్యాపెట్ మూత విప్పాడు, పుష్‌రాడ్ల సందుల్లోకి వేళ్లు పోనిచ్చాడు. ఎక్కడా ఏమీ లేదు. లేదని సంతోషించాల్సింది పోయి, అతనికి ఏడుపొచ్చింది. లేనిదాన్ని లేదని నమ్మడం ఎలా? బిలాస్‌పూర్ వైపు వెళ్లే లోకల్ కూత వేసింది. అంటే నాలుగున్నర దాటింది.

క్రేను ఐదుకు పది నిమిషాల ముందే వచ్చింది. కబాడీవాడు చెడ్డవాడేం కాదు. ఇంజను విప్పేసి ఉండటం చూసి, "అరే చాచా, ఇంకా కాలేదా?" అని నిజంగానే జాలిపడ్డాడు. చంద్రమౌళి వాళ్లతో హిందీలో బతిమాలాడు, దబాయించాడు, రెండు రోజులు గడువడిగాడు. ముహూర్తం తన చేతిలో లేదన్నాడు కబాడీవాడు. ఎర్రయ్య పదకొండు గుడ్డలూ మడతపెట్టుకున్నాడు. పానాలు, రెంచీ సంచిలో సర్దుకున్నాడు. గొలుసులు బిగిశాయి. ముందు చక్రాలు నేల విడిచి లేచాయి. ఆ వేళ మెత్తగా తిరిగిన క్రాంకు, అడుగున మూతైనా లేకుండా, నూనె చుక్కలు కారుస్తూ గాల్లోకి లేచింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఎర్రయ్య ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంటికెల్లు. రేపొస్తాను" అన్నాడు చంద్రమౌళి.

ఎర్రయ్య తిన్నగా ఇంటికి వెళ్లలేదు. పంపు దగ్గర ఆగి చేతులు కడిగాడు, మొహం కడిగాడు, మళ్లీ చేతులు కడిగాడు. బండి పోయినమాట చెప్పడం కష్టం కాదనిపించింది. గుడ్డ పోయినమాటే ఎలా చెప్పాలో తెలియలేదు. తిట్టినా బాగుండును. తిట్టదు. కంచం పెట్టేస్తుంది. అదే భరించలేడు.

గుమ్మంలో నిలబడ్డాడు. గుడ్డల మడత గుండెకు ఆనించుకుని, తల వంచుకుని చెప్పాడు.

"పదకొండు."

లోపల కంచం చప్పుడవలేదు.

"మంగా, పదకొండే. ఒకటి పోనాది. బండీ పోనాది. ఏటైనా అను."

ఇంట్లో దీపం వెయ్యలేదు. పొయ్యి చల్లగా ఉంది. పక్కనే క్యారేజీ సర్ది, చెంచా దోపి, చేతిసంచిలో పెట్టి ఉంది. ఆ సంచి పక్కనే గోడకు చేరగిలబడి మంగాయమ్మ కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. క్యారేజీ పట్టుకుని బయలుదేరబోతూ ఓ క్షణం అలుపు తీర్చుకుందామని కూర్చున్నట్టుంది. ఎర్రయ్య భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఎంతసేపటి నుంచో చల్లగా ఉంది. తను బండి కింద పడుకుని టార్చి వేసి వెతుకుతున్నప్పుడు ఆమె ఇక్కడ ఉందా, అప్పటికే లేదా? అది అతనికి ఇక ఎప్పటికీ తెలియదు.

ఆమె కుడిచెయ్యి కొంగులో ఉంది. పిడికిలి బిగిసి ఉంది. నూనె ఇంకిన తన ముసలి వేళ్లతో, తుప్పు పట్టిన బోల్టును నొప్పించకుండా విప్పే ఓపికతో, ఒక్కొక్క వేలూ విప్పాడు.

పొద్దున్నే ఆమె పదకొండు లెక్కపెట్టి పన్నెండని చెప్పింది. దగ్గితే పడుతున్న నెత్తురు చూస్తే అతను పని మానేస్తాడని, తుడుచుకోవడానికి ఒకటి దాచుకుంది. ఇరవయ్యేడేళ్లలో ఒక్క అబద్ధం ఆడింది. అతను విప్పి చూసుకోలేదు.

"మూడడుగులు లేదే ఇల్లు" అన్నాడు ఎర్రయ్య, ఆమెతోనే. "మూడడుగులు లేదు."

పదకొండు గుడ్డలూ ఆమె పక్కన నేల మీద పెట్టి, పిడికిట్లోంచి తీసిన దాన్ని వాటి మీద పరిచాడు. కిందివన్నీ మసి నూనెతో నల్లగా ఉన్నాయి. పన్నెండో గుడ్డకు ఆ వేళ నూనె అంటనే లేదు. ఎర్ర దారం ఎక్కడ మొదలైందో తెలియకుండా, అంచుదాకా నెత్తురు ఎండిపోయి ఉంది.